ఎర్రబోడు గడ్డి రంగు

ధన్నూరలో ఎవరికి బొంత కావాలన్నా రాచమ్మ గడప తొక్కాల్సిందే. చివికిన చీరలు, మోకాళ్ల దగ్గర అరిగిన ధోవతులు, మెడ చిరిగిన కమీజులు మూటగట్టి తెచ్చి ఆమె ముందు పడేసి పోయేవారు. చలి మొదలయ్యేలోపు అవే గుడ్డలు అంచులు కలిసి, వరసలు కుదిరి, కప్పుకుంటే వదలబుద్ధి కాని బొంతలై తిరిగి ఇళ్లకు చేరేవి.

ఆమె తండ్రి నర్సప్ప భాల్కిలో ముతక గుడ్డకు రంగులు వేసేవాడు. తల్లి చిన్నప్పుడే పోవడంతో రాచమ్మ ఆ రంగుల కాగుల మధ్యే పెరిగింది. కరక్కాయ నీళ్లు తాగిన గుడ్డ ఇనుపతుప్పు నీళ్లు తగలగానే ఎట్లా నల్లబడుతుందో, దానిమ్మ తొక్క ఎంత పసుపునిస్తుందో, తంగేడు చెక్క ఎంతసేపు మరిగితే ఎండుటాకు రంగు దిగుతుందో ఆమెకు నడక వచ్చిన నాటి నుంచే తెలుసు. అక్షరాలు మాత్రం ఎప్పుడూ రాలేదు.

బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసిన ఏడే ఆమెకు ధన్నూర మొగులప్పతో పెళ్లయింది. మొన్నటిదాకా ఉర్దూలో కేకలేసిన కచేరీ బంట్రోతులు కన్నడంలో కేకలెయ్యడం నేర్చుకుంటున్న రోజులవి. మొగులప్ప సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాట తక్కువ. కొంచెం చెలక ఉండేది, జొన్న, కంది వేసేవాడు. కానీ అతని ప్రాణమంతా ఊరికి పడమరనున్న ఎర్రబోడు మీదే ఉండేది. ఎర్రటి గులకరాతి నేల, మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడ రేగు పొదలు. చెట్టన్నది లేదు. అక్కడ పొద్దు పొడిచిందంటే పొడిచినట్టే, మధ్యలో దాన్ని ఆపేది ఏదీ ఉండదు. చెవులపిల్లి ఎటు తిరిగిందో, కౌజు పిట్టలు ఎక్కడ దుమ్ముస్నానం చేశాయో నేలను చూసి చెప్పేవాడు మొగులప్ప. అందుకే ఊరి పటేలు ఖండప్ప వేటకు బయలుదేరితే ముందు అతనికే కబురు వచ్చేది.

పటేలు ఒకసారి బీదరు బజారులో పాత మిలిటరీ కోటు కొనితెచ్చి మొగులప్పకు తొడిగించాడు. ముదురు పచ్చది. గడ్డి ఎండి పసుపు తిరిగిన ఎండాకాలంలో ఆ పచ్చ కోటుతో మొగులప్ప బోడు మీదికి ఎక్కితే మైలు దూరం నుంచి కనబడ్డాడు. కౌజులు తుపాకీ అందనంత దూరంలోనే బుర్రుమని లేచిపోయాయి. పటేలు అందరి ముందూ నవ్వాడు. మొగులప్ప ఇంటికి వచ్చి కోటు విప్పి మూలకు విసిరేశాడు.

"ఏమైందయ్యా?" అంది రాచమ్మ.

"ఏం లేదు. ఈ కోటు కన్న ఒళ్లంత గంటలు కట్టుకుని పోయేది మంచిగుండె."

రాచమ్మ కోటు తీసి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. "అడవి రంగిది. మన బోడు రంగు కాదు. నాకు జర ముతక గుడ్డ తెచ్చియ్యి, నేను చేస్త" అంది.

మొదట ఆమె అది తేలిక పని అనుకుంది. ఎర్రమన్ను, తంగేడు చెక్క కలిపి గుడ్డనంతా ఒకే రంగులో ముంచి తీసింది. చొక్కా, లాగు, తలకు ఒక ముసుగు కుట్టి మొగులప్పకు తొడిగి, చెలక అవతలి గడ్డిలోకి పొమ్మంది. తాను గట్టు మీద నిలబడి చూసింది. రంగు నేలలో కలిసింది కానీ మనిషి కలవలేదు. భుజాలు భుజాల్లాగే, తల తలలాగే, ఎర్రగా పాతిన రాయిలా కనబడ్డాడు. రెండోసారి బొంత కుట్టినట్టే పసుపు, గోధుమ, నలుపు ముక్కలు వరసగా పేర్చి కుట్టింది. అది చూసి అత్త చంద్రవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది.

"అయ్యో నా కొడుకా! బొంత లేసి నడుస్తాంది సూడుండ్రి!" అని వాకిట్లో వాళ్లనందరినీ పిలిచింది.

మొగులప్ప కూడా నవ్వాడు. రాచమ్మకు మాత్రం పంతం పట్టింది.

ఒక సాయంత్రం మొగులప్ప తెచ్చిన కౌజు పిట్టను ఒళ్లో పెట్టుకుని ఈకలు పీకుతోంది. రోజూ చేసే పనే. ఆ రోజెందుకో చెయ్యి ఆగింది. పిట్ట రెక్క ముడుచుకుని ఉంది. రెక్క ఎక్కడ అయిపోయిందో, ఒళ్లు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. రెక్క మీది చార ఆగకుండా వీపు మీదికి పాకింది. వీపు మీది మచ్చ మెడ దాకా పోయింది. రెక్క విప్పితే చార తెగింది. ముడిస్తే మళ్లీ కలిసింది. ఆమె విప్పి, ముడిచి, విప్పి, ముడిచి అట్లాగే కూర్చుండిపోయింది. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి ఇగిరిపోయింది. "ఇయ్యాల కూరొండుతవా, పిట్టతోని ఆడుకుంటవా?" అని చంద్రవ్వ అరిస్తే గాని లేవలేదు.

ఆ మర్నాటి నుంచి ఆమె కుట్టడం మారింది. ముందు చొక్కా, లాగు మొత్తం తెల్లగుడ్డతో కుట్టేసింది. వాటిని మొగులప్పకు తొడిగి, చేతులు మోకాళ్ల మీద పెట్టించి, గడ్డిలో ఎట్లా ముడుచుకుని కూర్చుంటాడో అట్లాగే వాకిట్లో కూర్చోబెట్టి, బొగ్గుముక్కతో గీతలు గీసింది. గీత భుజం దగ్గర మొదలై చంకను దాటి రొమ్ము మీదికి పోవాలి. మోచేతి మీది మచ్చ మోకాలి మీదికి సాగాలి. మనిషికి అంచున్న చోటల్లా ఆ అంచును తెంచే గీత పడాలి. ఆ గీతల ప్రకారం ముక్కలు పరిచి కుట్టింది. వీపు మీద ముదురు, కడుపు వైపు లేత. కొత్త గుడ్డ ఎండకు మెరుస్తుందని బూడిద నీళ్లలో ఉడకబెట్టి, బండమీద బాది, జీవం తీసేసింది. గుండీలు మెరుస్తాయని కోసేసి నాడాలు పెట్టింది. పాత గోనెసంచి పీచులు పీకి రంగేసి భుజాల మీద, ముసుగు చుట్టూ వేలాడదీసింది. గాలికి గడ్డి ఊగితే అవీ ఊగాలి.

ఆ పనిలోనే వాళ్లిద్దరికీ ఎన్నో మధ్యాహ్నాలు గడిచాయి. అతను గడ్డిలోకి పోయి కూర్చునేవాడు. ఆమె గట్టు మీద నిలబడి, నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెతికేది. "ఎడమ భుజం కనవడ్తాంది!" అని కేకేసేది. "ముక్కు! ముక్కు మెరుస్తాంది!" అనేది. అతను వచ్చేవాడు, ఆమె కుట్టేది, అతను మళ్లీ పోయేవాడు. పెళ్లయినప్పటి నుంచి అతన్ని అంతసేపు కన్నార్పకుండా చూసే వీలు ఆమెకు దొరకలేదు. ఇప్పుడు పని పేరు మీద చూసేది. ఎవరూ ఏమీ అనేవారు కాదు. తర్వాత చాలా ఏళ్లకు, ఆ రోజులు తలచుకున్నప్పుడల్లా ఎండిన గడ్డి వాసన ఆమె ముక్కుకు తగిలినట్టయ్యేది.

చివరికి ఒక రోజు ఆమెకు అతను కనబడలేదు.

గట్టు మీది నుంచి ఎంత చూసినా గడ్డే. దిగి వెళ్లింది. అతను కూర్చున్నాడనుకున్న చోటికి వెళ్తే అక్కడ రేగు పొద ఉంది. "ఏమయ్యా, ఏడున్నవ్?" అంది. ఇటు చూసింది, అటు చూసింది. "నవ్వులాట సాలు. నాకు బయమైతాంది. ఏడున్నవో సెప్పు!"

"ఈడనే ఉన్న" అన్నాడు మొగులప్ప, చెయ్యి చాపితే అందేంత దగ్గర నుంచి.

ఆమె ఉలిక్కిపడి నవ్వింది. నవ్వుతూనే కూలబడి ఏడ్చింది. అతను ముసుగు తీసి పక్కన కూర్చున్నాడు.

"ఏమే, ఏడుస్తవేంది? ఇంతకన్న మంచిగ ఎవడు కుడ్తడు?"

"మంచిగనే ఉన్నది. గంత మంచిగ ఉండొద్దు" అంది రాచమ్మ.

అప్పుడామె ఏమందో ఆమెకే సరిగ్గా తెలియలేదు.

ఆ బట్టలు వచ్చాక మొగులప్ప వేట లేని రోజుల్లో కూడా బోడు మీదికి పోవడం మొదలుపెట్టాడు. వానలు పడి గడ్డి పచ్చబడితే పాత జత పనికిరాదు కాబట్టి రాచమ్మ ఇంకో జత కుట్టింది. దానిమ్మ తొక్కల పసుపు మీద నీలిలో ముంచితే పచ్చ దిగుతుంది. మధ్య మధ్య ఎర్రమన్ను మచ్చలు. ఆ జతలో పోయి వచ్చిన ఒక సాయంత్రం అతను అన్నం ముందు కూర్చుని తినకుండా నవ్వుకుంటున్నాడు.

"ఏం సూసినవ్?" అంది ఆమె.

"బట్టమేకను సూసిన. పోతును. ఆడుతుండె."

బట్టమేక అంటే పిట్టే. కానీ ఆవుదూడంత ఎత్తు. ఆ బోడు మీద దానికంటే భయస్తురాలైన ప్రాణి లేదు. దూరాన మనిషి తల కదిలితే చాలు, లేచి పోతుంది. ఎడ్లబండి చాటున పోయినా పసిగడుతుందని పటేలు విసుక్కునేవాడు. అట్లాంటిది మొగులప్పకు ఎదురుగా, అతన్ని గడ్డి అనుకుని, ఆడింది.

"తోక వీపు మీదికి ఎత్తింది. మెడ ఇంత లావయ్యింది. తెల్ల సంచి తీరు కిందికి, కాళ్ల దాక ఏలాడింది. గప్పుడు పిలిచింది రాచీ. సప్పుడు గొంతులకెల్లి రాలే, భూమిల నుంచి వచ్చినట్టుండె. ఖాళీ కడవ మూతి మీద నోరు పెట్టి ఊదు, గట్ల. హూఁ... మ్. ఆడపిట్ట గడ్డిలకెల్లి తల లేపింది. సూసి మల్ల తల దించింది. నాకు నవ్వాగలే."

"పటేలుకు సెప్పినవా?"

"ఎందుకు సెప్త?" అన్నాడు మొగులప్ప. పటేలు అడిగినప్పుడల్లా అతను అందర్నీ బోడు తూర్పు వైపే తిప్పేవాడు.

"నన్ను తోల్కపో" అంది రాచమ్మ.

"నీ గాజులు సప్పుడైతయ్. మెట్టెలు సప్పుడైతయ్. నీ నవ్వు ఊరవతలికి ఇనొస్తది."

"నవ్వను. ఒట్టు."

అతను అన్నం కలుపుకున్నాడు. "పై వానకాలం పోదాం" అన్నాడు.

పై వానకాలానికి కొడుకు కిష్టప్ప కడుపులో ఉన్నాడు. ఆ తర్వాతి ఏడు పిల్లవాడు చంటివాడు. ఇంకో ఏడు చంద్రవ్వ మంచాన పడింది, ఎత్తి దించడానికి రాచమ్మ తప్ప దిక్కు లేదు. చంద్రవ్వ పోయిన ఏడు వానలే సరిగా పడలేదు, బోడు మీద గడ్డి లేవలేదు. ప్రతి ఏడూ మొగులప్ప చూసి వచ్చి చెప్పేవాడు. ఆమె వినేది. విని విని ఆ పిట్ట అడుగులన్నీ ఆమెకు తెలుసు. ఎప్పుడు ఆగుతుందో, ఎటు తిరుగుతుందో తెలుసు. కంటితో చూడలేదు, అంతే. కలుపు తీస్తూ తీస్తూ నడుమెత్తి పడమర చూసేది. పక్క సాలులో ఉన్నవాళ్లు ఆమె మబ్బు కోసం చూస్తోందనుకునేవారు.

కిష్టప్ప గోలీలాడే వయసుకు వచ్చాక, ఒక చలికాలంలో పటేలు ఇంటికి గుల్బర్గా నుంచి అతని బామ్మర్ది వచ్చాడు. తుపాకీ కొత్తది, మనిషి వేటకు కొత్త. కౌజుల కోసం బోడు మీదికి పోయారు. మొగులప్ప పని ఎప్పటిదే. చుట్టూ తిరిగి అవతలి కొసకు పోయి గడ్డిలో పడుకోవాలి, పిట్టలు గుమిగూడాక చెయ్యెత్తాలి. అతను పసుపు జత తొడుక్కుని పోయి పడుకున్నాడు. పిట్టలు గుమిగూడకముందే దేనికో బెదిరి లేచాయి. బామ్మర్ది వాటి వెంట తుపాకీ తిప్పాడు. కిందికి తిప్పాడు. గడ్డి ఉన్న చోట గడ్డే ఉందనుకుని కాల్చాడు.

సీసపు గుండ్లు మొగులప్ప మొహానికి, మెడకు తగిలాయి. పటేలు అతన్ని తన ఒళ్లో పడుకోబెట్టుకుని జీపులో బీదరు దవాఖానాకు తీసుకుపోయాడు. ప్రాణం దక్కింది. కుడి కన్ను పోయింది. ఎడమ కంటి వెనక ఒక గుండు ఉండిపోయింది, దాన్ని తీస్తే ఉన్న చూపూ పోతుందన్నారు డాక్టర్లు. తియ్యకపోయినా ఆ చూపు తడి గుడ్డలోంచి చూసినట్టు మసకబారి, ఏడాదికేడాదికి తగ్గి, చివరికి పగలు, రాత్రి తేడా మాత్రం మిగిలింది. పటేలు వాకిట్లోకి వచ్చి తలొంచుకుని నిలబడి, కళ్లు తుడుచుకుని పోయాడు. ఆ తర్వాత ఆయన తుపాకీ ముట్టలేదు.

రాచమ్మ ఆ చొక్కాను వాగులో ఉతికింది. నెత్తుటి మరక పోలేదు. ఎండబెడితే అది కూడా ఎర్రమన్ను మచ్చలాగే, గడ్డి రంగులో కలిసిపోయింది. దాన్ని ఆమె సందూకు అడుగున పెట్టేసింది.

ఒకనాడు అతనికి అన్నం కలిపి చేతికిస్తూ, ఎన్నాళ్లగానో గొంతులో పెట్టుకున్న మాట అనేసింది. "నేను గంత మంచిగ కుట్టకపోతే ఆయనకు నువ్వు కనవడుతుంటివి."

మొగులప్ప ముద్ద నమిలి మింగాడు. "కనవడుంటే పిట్టలు ముందే లేసిపోతుండె. అంతే గద" అన్నాడు. ఇంకో ముద్ద అందుకుంటూ, "నీ కుట్టుడు మాత్రం అసలైన కుట్టుడు రాచీ" అన్నాడు.

ఆ మెప్పు ఆమెను కాల్చింది. తిట్టినా బాగుండుననిపించింది. అప్పటి నుంచి ఆమె బొంతలు మారిపోయాయి. మంట ఎరుపు, చిలక పచ్చ, ముద్ద పసుపు. చీకట్లో కూడా కనబడేట్టు కుట్టేది. పటేలు స్నేహితుడొకడు అట్లాంటి వేట బట్టలే తనకూ కావాలని మనిషిని పంపితే, "నాకు రాదు" అని తలుపేసుకుంది.

ఏళ్లు గడిచాయి. వేట బందు చేస్తూ సర్కారు కాయిదా వచ్చింది. మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటక అయింది, బడిలో పిల్లలకు పేడాలు పంచారు. కిష్టప్ప పటేలు దగ్గర ట్రాక్టరు నడపడం నేర్చుకున్నాడు. కమలనగర్ నుంచి కాశీబాయి కోడలిగా వచ్చింది. మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడేది, చకచకా పని చేసేది. మొగులప్ప గడప పక్కన కూర్చుని గోగునార తాళ్లు పేనేవాడు. చేతి వేళ్లే అతని కళ్లయ్యాయి.

ఒక వానకాలం, పునాస పైర్లు మోకాలెత్తు వచ్చిన రోజుల్లో, జల్లు పడి వెలిసింది. పడమటి గాలి వీచింది. మొగులప్ప చేతిలో తాడు ఆగింది. మొహం గాలికెత్తి కూర్చున్నాడు.

"ఇయ్యాల ఆడుతుండొచ్చు" అన్నాడు.

కిష్టప్ప నవ్వాడు. "ఏం ఆడుతది నాయినా? బోడు సగం దున్నేసిన్రు. నేనే దున్నిన. మిగిలిన కాడ మేకలే తిరుగుతున్నయ్."

"అటు కొసకు? రాళ్ల దిక్కు?"

"ఆడ నేను సూడలే."

మొగులప్ప మళ్లీ తాడు అందుకున్నాడు. కానీ పురి వదులుగా పడుతోంది. అతను విప్పాడు, మళ్లీ పేనాడు. రాచమ్మ బియ్యం ఏరుతూ అంతా చూసింది. మర్నాడు పొద్దున్నే కాశీబాయిని పిలిచి, "దానిమ్మ తొక్కలేమన్న ఉన్నయా? లేకుంటే బజారుల అడుగు" అంది.

ఈసారి ఆమె తన కోసం కుట్టుకుంది. మొగవాడి చొక్కా, లాగు తొడుక్కోవడం ఆమెకు చాతకాదు. ముతక చీరనే పచ్చలో, మన్నులో, నలుపులో ముంచి, కాళ్ల మధ్య నుంచి కచ్చ పోసి కట్టుకుంది. కచ్చ పోస్తే మచ్చలు ఎటు పడతాయో చూసుకుని, విప్పి, మళ్లీ రంగేసి, మళ్లీ కట్టింది. నడుము దాకా దిగే ముసుగుకు గోనె పీచులు వేలాడదీసింది. గాజులు మట్టివే, ముత్తైదువ కాబట్టి తియ్యదు. మణికట్టు నుంచి మోచేతి దాకా గుడ్డపేలిక చుట్టి వాటిని బిగించింది. మెట్టెలకూ పేలికలు కట్టింది. నెరిసిన జుట్టు ఒక్క వెంట్రుక బయటికి రాకుండా లోపలికి తోసింది.

కాశీబాయి చూసి నోరు తెరిచింది. "అత్తా, ఊరోళ్లు ఏమనుకుంటరు?"

"కనవడితే గద అనుకునేది" అంది రాచమ్మ.

కనబడింది, అనుకున్నారు కూడా. పొలాలకు పోయే ఆడవాళ్లు నడిచొచ్చే పొదను చూసి కెవ్వుమన్నారు. రాచమ్మకు గాలి సోకిందన్నారు. ఆమె పట్టించుకోలేదు. దున్నని కొస దాకా పోయి, రాళ్ల పక్కన గడ్డిలో కూర్చుంది.

కూర్చోవడం తనకు రాదని మొదటి రోజే తెలిసిపోయింది. జీవితమంతా చేతులు ఆడించిన మనిషి. ఈగ వాలితే తోలింది, కాలు తిమ్మిరెక్కితే చాపింది. తీతువ పిట్ట నెత్తి మీద తిరుగుతూ అరిచి అరిచి బోడుకంతా చాటింపు వేసింది. సాయంత్రం ఇంటికి వచ్చి మొగులప్ప ముందు కూలబడితే, అతను నవ్వి చెప్పాడు.

"గడ్డి లెక్క కూసోవాలె అనుకోకు. గడ్డి సూస్తదా? ఎదురుసూడకు. ఊరికె ఉండు."

ఎదురుచూడకుండా ఎట్లా ఉంటారో ఆమెకు తెలియలేదు. అయినా పోయింది. పని ముగించుకుని రోజూ పోయింది. మెల్లగా తీతువ అలవాటుపడి అరవడం మానింది. నక్క ఒకటి ఆమె పక్కనుంచి, ఆమె వాసనకు ముక్కు చిట్లించుకుంటూ పోయింది. జల్లు పడితే తడిసింది, ఎండ వస్తే ఆరింది. ఇన్నేళ్లూ మొగులప్ప కళ్లతో విన్న చోటు ఇదే. అతను చెప్పిన రాళ్లు ఇవే. ఏ రాయి దగ్గర ఏం జరిగిందో ఆమెకు తెలుసు. తెలిసిన ఇంటికి చాలా ఆలస్యంగా వచ్చిన చుట్టంలా ఉంది ఆమెకు.

అట్లా పోతుండగా ఒక పొద్దున వాన వెలిసిన వెలుగులో, రాళ్ల అవతల తెల్లగా ఏదో కదిలింది. గొర్రెపిల్ల అనుకుంది. అది మెడ ఎత్తింది.

మొగులప్ప చెప్పినట్టే ఉంది. ఒక్క అక్షరం తేడా లేదు. నెత్తి మీద నల్లటి టోపీ. రాజసంగా నాలుగడుగులు వేసి ఆగింది. తోక వీపు మీదికెత్తింది. మెడ ఉబ్బింది, తెల్లటి సంచి కాళ్ల దాకా వేలాడింది. తర్వాత ఆ పిలుపు. చెవులకంటే ముందు ఆమె కూర్చున్న నేలకు, తొడలకు, కడుపుకు తగిలింది. హూఁ... మ్.

రాచమ్మ మెల్లగా, పీచులు కదలకుండా, పక్కకు తల తిప్పింది. అతనికి చూపించడానికి. పక్కన గడ్డి ఉంది.

ఆ పిట్ట పిలిచి, ఆగి, చుట్టూ చూసింది. ఇంకో వైపు తిరిగి పిలిచింది. మొగులప్ప కథలో ఇక్కడ ఆడపిట్ట గడ్డిలోంచి తల లేపాలి. రాచమ్మ ఎంత చూసినా ఏ తలా లేవలేదు. ఎండ ఎక్కేదాకా అది ఆడుతూనే ఉంది. చివరికి సంచి లోపలికి లాక్కుని, తోక దించి, మామూలు పిట్టలా గింజలేరుకుంటూ గడ్డిలోకి పోయింది.

ఇంటికి వచ్చాక మొగులప్ప ఏమీ అడగలేదు. ఆమె అడుగుల చప్పుడుకే అతనికి అర్థమైంది. తాడు పక్కన పెట్టి ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు. ఆమె చెప్పింది. ఇన్నేళ్లు అతను చెప్పాడు, ఆమె వింది. ఇప్పుడు చెప్పడం ఎంత కష్టమో తెలిసింది. చెప్పిన ప్రతి మాటా చూసినదానికంటే చిన్నదిగా వస్తోంది.

"ఆడపిట్ట వచ్చిందా?" అన్నాడు.

అబద్ధం నోటి దాకా వచ్చింది. "రాలే" అంది రాచమ్మ.

అతను తల ఊపాడు. "రాకపోయినా ఆడుతది. వానలు పోయేదాక ఆడుతది" అన్నాడు. తర్వాత చిన్నపిల్లవాడిలా అడిగాడు. "నన్ను తోల్కపోతవా?"

సందూకు అడుగు నుంచి ఆమె పాత చొక్కా తీసింది. ఎండాకాలపు పసుపు. దాన్ని పచ్చలో ముంచింది. తొడుగుతుంటే అతని వేళ్లు మెడ దగ్గర చిన్న చిన్న రంధ్రాలను తడిమాయి. "వీటికి మాటెయ్యలేదా?" అన్నాడు. "చెయ్యాడలే" అంది ఆమె. అతను ఆ వేళ్లతోనే ఆమె చెయ్యి పట్టుకుని లేచాడు.

తెల్లవారుజామున కిష్టప్ప వాళ్లను బోడు మొదటిదాకా ట్రాక్టరు మీద దింపి, ఇంజను ఆపి, అక్కడే ఉండిపోయాడు. మిగతా దూరం ఆమె అతన్ని నడిపించుకుపోయింది. నిజానికి అతనే ఆమెను నడిపించాడు. కాళ్లకు ఆ నేల తెలుసు. రాళ్ల దగ్గర ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. అతను కూర్చోవడం చూస్తే ఆమెకు ఆశ్చర్యమేసింది. కూర్చోగానే నేలలోకి దిగిపోయినట్టయ్యాడు. ఊపిరి కూడా గాలిలో కలిసిపోయింది.

పొద్దెక్కాక పిట్ట వచ్చింది. ఆమె అతని అరచేతిలో వేలితో రాసినట్టు చూపింది. ఇటు నడుస్తోంది, ఆగింది, తోకెత్తింది. పిలుపు వచ్చినప్పుడు మొగులప్ప పెదవులు తెరుచుకున్నాయి. చూపు లేని కళ్లు పెద్దవయ్యాయి. అతని మొహం మీద ముడతలన్నీ ఒక్కసారి విడిపోయి, గడ్డిలో కూర్చుని నవ్వాపుకోలేకపోయిన ఆ కుర్రవాడు కనబడ్డాడు. రాచమ్మ పిట్టను చూడటం మరిచిపోయింది. ఇన్నేళ్లూ తాను చూడాలనుకున్నది ఏదో ఆమెకు అప్పుడు తెలిసింది. పక్కన కూర్చుని అతన్ని చూడాలనుకుంది. అది దొరికింది, కానీ అతనికి చూపు పోయాక దొరికింది. సంతోషం ఎంతో, నొప్పీ అంతే. రెండింటినీ విడదీయడం ఆమెకు రాలేదు.

ఆడపిట్ట ఆ రోజూ రాలేదు. వాళ్లు వెళ్లిన మరే రోజూ రాలేదు. వానలు వెనకపట్టాక పోతుపిట్ట ఎటో పోయింది.

మరుసటి వానకాలం అది తిరిగి రాలేదు. ఇద్దరూ పోయి కూర్చుని వచ్చేవారు. కమలనగర్ వైపు మాళాల మీద, ఎర్రబోడు లాంటి గడ్డి మెరకల మీద, బట్టమేకలు ఇంకా ఉన్నాయని కాశీబాయి పుట్టింటివాళ్లు చెబితే, బస్సెక్కి అక్కడికీ పోయారు. అక్కడి రైతు ఒకడు మరాఠీలో, మా తాత చూశాడట, నేను చూడలేదు అన్నాడు. మొగులప్ప ఆ గడ్డి మీద చెవి ఆనించి కాసేపు పడుకుని లేచి, పోదాం పద అన్నాడు. తర్వాత కూడా ప్రతి వానకాలం ఎర్రబోడు కొసకు పోవడం మానలేదు. ఊళ్లోవాళ్లు నవ్వడం మానేశారు. వాన పడ్డాక ముసలివాళ్లిద్దరూ గడ్డి రంగు బట్టలు కట్టుకుని పోతుంటే, "బోడుకు పోతున్నరా?" అని పలకరించి దారి ఇచ్చేవారు.

మొగులప్ప ఒక మాఘమాసంలో, పెద్ద జబ్బేమీ లేకుండా, తాడు పేనుతూ పేనుతూ గోడకు ఒరిగి పోయాడు. ఆ ఏడు వానకాలం రాచమ్మ ఇల్లు కదలలేదు. గడ్డి పెరిగి, పూసి, ఎండిపోయింది.

ఆ పై ఏడు మొదటి జల్లులు పడి వెలిసిన రోజు పొద్దున్నే ఆమె ఆ చీర కచ్చపోసి కట్టుకుంది. ముసుగు వేసుకుంది. కోడలు రొట్టె, కారం మూటగట్టి చేతికిచ్చింది. రాచమ్మ సాయంత్రం దాకా రాళ్ల దగ్గర కూర్చుంది. దీపం పెట్టే వేళకు తిరిగొచ్చి, గడప మీద కూర్చుని, కాళ్లకంటిన ఎర్రమన్ను కడుక్కుంది.

"ఏమన్న కనవడ్డదా అత్తా?" అంది కాశీబాయి.

"గడ్డి మంచిగ లేసింది" అంది రాచమ్మ. "రేపు గూడ పోత."